ప్రార్థనలో రెండో సగం

సిదాంగ్ గొంతు పెద్దది. పంగాస్ దీవి రేవులో ఎవరు పోయినా తొమ్మిది రోజుల ప్రార్థన ఆమే చెప్పించేది. పగలంతా తాటాకుతో పైకప్పు తడికెలు కుట్టేది. పొద్దు వాలగానే చేతులు కడుక్కుని జపమాల తీసుకునేది.

ఆ జపం ఒక్కరు చెప్పేది కాదు. ముందున్న మనిషి సగం చెబితే, వెనక కూర్చున్నవాళ్లు మిగతా సగం అందుకోవాలి. వెనక వరుసలో అందరికంటే ముందు అందుకునేది పోన్సా. సిదాంగ్‌కి స్వయానా ఆడపడుచు. పక్కపక్క ఇళ్లే అయినా ఆ ఇద్దరికీ మాటలు లేవు. వాళ్ల మధ్య నడిచేదల్లా ప్రార్థన ఒక్కటే.

సిదాంగ్ భర్త పోయినప్పుడు శవం ఇంట్లో ఉండగానే పోన్సా చీపురు పట్టింది. శవమున్న ఇల్లు ఊడిస్తే ఆ ఇంట్లో మరొకరిని ఊడ్చి పంపినట్టేనని ఆ దీవిలో పసిపిల్లకి కూడా తెలుసు. నెల తిరక్కుండా అత్తగారు పోయింది. సిదాంగ్ నలుగురిలోనూ అనేసింది: "మీ అమ్మని నువ్వే ఊడ్చేశావు." పోన్సా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి సిదాంగ్ గడప తొక్కలేదు.

ఈ ఏడు వానల్లో పడవల తిబో పోయాడు. పాతిపెట్టి వచ్చిన సాయంత్రం ప్రార్థన మొదలైంది. మూడో రోజున సిదాంగ్ శిలువ గుర్తు వేసుకుని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"అయ్యో, సిదాంగ్ పిన్ని గొంతు పడిపోయింది," అందొక అమ్మాయి.

"ఇన్నాళ్లకి దేవుడి చెవులకి కాస్త విశ్రాంతి," అన్నాడు గుమ్మంలో కూర్చున్న ముసలాయన.

"నోర్ముయ్ తాతా. మా ఆయన స్వర్గం మెట్ల మీద ఆగిపోతే నువ్వెళ్లి మోస్తావా?" అని కసిరి, తిబో భార్య గోరియా అల్లం కషాయం తెచ్చి సిదాంగ్ చేతికిచ్చింది. తర్వాత వెనక్కి చూసి పిలిచింది. "పోన్సా, నీకు అంతా నోటికొచ్చు గదా. ముందుకి రా."

పోన్సా వచ్చింది. సిదాంగ్ లేచి, పోన్సా ఖాళీ చేసిన చోటే కూర్చుంది. చాప ఇంకా వెచ్చగా ఉంది.

పోన్సా పరలోకంలోని తండ్రిని పిలిచింది. నీ చిత్తం నెరవేరాలి అని ఆపింది. వెనకవాళ్లు అందుకున్నారు. ఈ పూట తిండి ఇమ్మన్నారు. మేము ఇతరులను మన్నించినట్టు మమ్మల్ని మన్నించమన్నారు.

సిదాంగ్ పెదవులు అక్కడ ఆగిపోయాయి. పదిమందిలో ఆ ముక్క తను పలికి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. ముందు కూర్చునే మనిషికి పిలవడమే గాని అడగడం ఉండదు. మన్నింపు మాట ఇన్నాళ్లూ పోన్సాయే చెప్పింది, సిదాంగ్‌కి వినబడేలా, ప్రతి చావింట్లో.

కషాయంతో గొంతు కొద్దికొద్దిగా తెరుచుకుంది. అయినా ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె మౌనంగా ఉండిపోయేది. పోన్సా ఆ చోట ఒక్క క్షణం ఎదురుచూసి పూస జరిపేది. గోరియా కనిపెట్టింది.

"ఏం పిన్నీ, మిగతాదంతా పలుకుతున్నావు. అక్కడికొచ్చేసరికి ముల్లు గుచ్చుకుంటోందా?"

"కషాయంలో అల్లం ఎక్కువేశావు," అంది సిదాంగ్.

చివరి రోజు పొద్దున ఆమె మెట్ల మీద కూర్చుని ఆకు కుడుతూ, నేర్చుకున్న మాటలు పక్కన పెట్టి, దేవుడితో మాట్లాడబోయింది. చేతకాలేదు. ఇరుగుపొరుగుతో గంటలకొద్దీ మాట్లాడగలిగిన మనిషి తండ్రి ముందు పరాయిదానిలా కూర్చుంది.

చాలాసేపటికి మెల్లగా అంది: "స్వామీ, పోన్సా ఊడ్చింది."

ఆ మాట ఆయన ఇదివరకే విన్నాడు. తర్వాతేమిటి అన్నట్టు వాకిలి నిశ్శబ్దంగా ఉంది. పడవలు ఇంకా తిరిగి రాలేదు. సూది ఆకులో సగం దిగి ఆగింది.

"ఆ రోజు గాజు గ్లాసు పగిలింది," అంది సిదాంగ్. "అత్తయ్యకి కళ్లు కనబడవు. ఒట్టికాళ్లతో అటే వస్తోంది. గ్లాసు నా చేతిలోంచే జారింది."

ఇది ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తనకు కావలసిన సగమే దేవుడికి చెబుతూ వచ్చింది. ఆయన రెండో సగం కోసం కాచుకున్నాడు.

ఆ సాయంత్రం గోరియా ఇల్లు నిండిపోయింది. అరిటాకుల్లో బెల్లం కలిపిన జిగురన్నం పక్కన సిద్ధంగా ఉంది. పోన్సా తన సగం చెప్పి ఆగింది. వెనక నుంచి అందరికంటే ముందు ఒక బొంగురు గొంతు అందుకుంది. అది ఎక్కడా ఆగలేదు. మన్నింపు మాట దగ్గర కొంచెం వణికింది, అంతే.

పోన్సా వేళ్లలో పూస కదలలేదు. "ఊఁ, కానీయ్. అన్నం చల్లారిపోతోంది," అన్నాడు గుమ్మంలోని ముసలాయన. అప్పుడు పోన్సా పూస జరిపి తర్వాతది అందుకుంది.

అందరూ వెళుతుంటే వాకిట్లో ఇద్దరూ చెప్పులు వెతుక్కున్నారు.

"గొంతు వచ్చిందే, వదినా," అంది పోన్సా, చెప్పుల వంకే చూస్తూ.

"సగం వచ్చింది." సిదాంగ్ గొంతు సవరించుకుంది. "ఆ రోజు గ్లాసు పగలగొట్టింది నేను."

"తెలుసు. నా వేలికి గుచ్చుకుంది."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"నువ్వు అడగలేదు గదా."

ఇద్దరూ ఒకే దారిన నడిచారు. పోన్సా గుమ్మం వచ్చింది.

"రేపు పొద్దున రా," అంది సిదాంగ్. "ఇల్లంతా ఆకు చెత్త. నా నడుం వంగటం లేదు."

"నా చేతికి చీపురిస్తావా?"

"ఇప్పుడు ఇంట్లో శవం లేదు గదా, రా," అంది సిదాంగ్.