కొండన్న అమ్మమన్న ఉంగరం

పోయిన నెల ఆత్మకూరులో సెలూన్‌లో నా వంతు కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న ఆయన ఫోనులో ఏదో ఆట ఆడుకుంటున్నాడు. నేను చూడలేదు, విన్నాను. వింటినారి లాగి వదిలిన చప్పుడు, కత్తుల చప్పుడు, ఎవరో పడిపోయిన కేక. ఆ తర్వాత గుప్పెడు నాణేలు పళ్లెంలోకి జారినట్టు ఒక చప్పుడు. ఆటగాడు తన దగ్గరున్న వస్తువొకటి అమ్మేశాడని దానర్థం. నేను ఆడింది ఆ ఆట కాదు, కంప్యూటర్ల మీద ఆడే పాతది. అయినా ఆ చప్పుడు అన్నిటిలోనూ దాదాపు ఒకటే. షాపాయన పిలిచినా వెంటనే లేవలేకపోయాను. ఒకానొక రోజున నా కంప్యూటర్లోంచి ఆ చప్పుడు వచ్చి ఉంటే, మాలకొండయ్య గురించి ఆత్మకూరులో ఇప్పటికీ అనే మాట ఎవరూ అనేవాళ్లు కాదు. ఆటల పోటీ ఫైనల్లో కొండన్న తప్పు సలహా చెప్పి టీమును ఓడగొట్టాడన్నది ఆ మాట. అది నిజం కాదని అప్పటిదాకా తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ.

మాలకొండయ్యది సీతారామపురం. గొర్రెలు మేపే కుటుంబం. నెల్లూరులో డిగ్రీ చదివి, ముందు ఉదయగిరిలో, తర్వాత ఆత్మకూరు బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టాడు. పగలంతా హాల్ టిక్కెట్లు, దరఖాస్తులు, జిరాక్సులు. సాయంత్రం గిరాకీ తగ్గాక ఐదు కంప్యూటర్లు కలిపి ఆట. వినయం ఆయనకి తెలియని విషయం. తప్పుగా ఆడినవాణ్ని అక్కడే, అందరి ముందే కడిగేసేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. అందరం కొండన్న అనేవాళ్లం. నాకప్పుడు ముప్ఫై దాటాయి. ఉదయగిరి దగ్గర మా ఊళ్లో పొలాలున్నా, ఆత్మకూరులో ఎరువుల కొట్టు చూసుకుంటుండేవాణ్ని. మిగతా ముగ్గురూ బస్టాండు చుట్టుపక్కల పనులు చేసుకునేవాళ్లే.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఒక్కో పక్షానికి ఐదుగురు. ఎదుటివాళ్ల కోట పడగొట్టినవాళ్లు గెలిచినట్టు. ఐదుగురిలో ఒకడి పని కొట్టడం. మా టీములో వాడు విలుకాడు. మిగతా నలుగురూ వాడికి అడ్డం నిలబడతారు, దెబ్బలు తింటారు, దారిలో దొరికే బంగారం వాడికే వదిలేస్తారు. ఆ బంగారంతో వాడు అంగట్లో వస్తువులు కొనుక్కుని బలపడాలి. వస్తువులు పెట్టుకోవడానికి ఆరు గళ్లే ఉంటాయి. ఆ ఆరింటిలో ఏం పెట్టామన్నదే సగం ఆట.

విలుకాడి పాత్ర నాది. మిగతా ముగ్గురూ అడగకుండానే నాకు వదిలేశారు. మా ఇంటి పేరు చూసి వదిలేశారని అప్పుడు నాకు తట్టలేదు, ఇప్పుడు తెలుసు. కొండన్న లెక్క మాత్రం వేరు. "నీ చేతులు నా చేతులకంటే చురుకుండాయి శీనయ్యా," అన్నాడు. "బుర్ర సంగతి నేను చూసుకుంటాలే." ఆయన వైద్యుడి పాత్ర తీసుకుని, నా పక్క కుర్చీలో కూర్చునేవాడు.

మొదట్లో నేను అంగట్లో అన్నిటికంటే పెద్ద దెబ్బ వేసే విల్లే కొనేవాణ్ని. ఒకరోజు కొనగానే ఆయన మౌస్ మీది నుంచి నా చెయ్యి లాగేశాడు.

"ఏందిరా అది?"

"దీనికే గదన్నా దెబ్బ ఎక్కువ."

"ఎవురి మీద?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆయన ఎదుటి ఐదుగురి వస్తువులు కనిపించే మీట నొక్కాడు. ముగ్గురు ఇనప కవచాలు తొడుక్కుని ఉన్నారు. "గోడని కర్రతో కొడతా ఉండావు. కర్ర లావైతే గోడ పడతాదా? కవచాన్ని చీల్చేది కొనుక్కో. వాళ్లు గాయాలు మాన్పుకుంటా ఉంటే, మాననియ్యనిది కొనుక్కో. మీదకి దూకేటోడుంటే, ముందు బతికేది కొనుక్కో. సచ్చి పడుండేటోడు ఎంత కొడతాడో చెప్పు చూద్దాం."

ఆ తర్వాత ఎన్నాళ్లో అదే పాఠం. అంగడి తెరిచే ముందు ఎదుటివాళ్ల దగ్గరేముందో చూడాలి. నేను కొనాలనుకున్నదాన్ని ఎందుకు కొంటున్నానో పైకి చెప్పాలి. చెప్పలేకపోతే కొననిచ్చేవాడు కాదు. ఎరువుల కొట్టులో సరుకు దించేటప్పుడు కూడా, ఎవరు కొంటారు దీన్ని అని నన్ను నేనే అడుక్కోవడం అలవాటైంది. మా నాయన దాన్ని నా తెలివనుకున్నాడు. నేను కాదనలేదు.

నాకు రానిదొక్కటే, అమ్మడం. ఆట మొదట్లో చవగ్గా దొరికే ఉంగరం ఒకటుండేది. అది వేలికుంటే కొట్టిన ప్రతిసారీ కాస్త బంగారం ఎక్కువ వస్తుంది. ఆట ముదిరాక దానితో పనిలేదు. గడి ఖాళీ కావాలంటే అమ్మాలి, అమ్మితే సగం ధరే వస్తుంది. నాకు చెయ్యి ఆడేది కాదు. మా ఇంట్లో ఎవరైనా ఏదైనా అమ్ముకున్నారంటే గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. అమ్ముకున్నారంటే చెడిపోయారని. మా కొట్టంలో కాలిపోయిన మోటార్లు, చక్రాలు లేని ట్రక్కు పేరుకుపోయి ఉండేవి. ఎవరైనా అడిగితే, "మనకేం కరువొచ్చిందని అమ్మాల?" అనేవాడు మా నాయన.

కొండన్నకి ఇది వింతగా ఉండేది. వాళ్ల ఇంట్లో పొట్టేలు అమ్మితే ఆ పూట సంతోషం. "సగం ధరకేనా అన్నా?" అని నేను గొణిగితే నవ్వేవాడు. "ఆ ఉంగరం ఇంతసేపూ నీకు బంగారం తెచ్చి పెట్టిందా లేదా? అది కూడా ధరలో కలుపుకోబ్బా. మా అమ్మ పొట్టేలును బలంగా ఉండేటప్పుడే అమ్మతాది. బక్కచిక్కినాక మొగం చూసుకుంటా కూర్చోదు." తర్వాత మిగతా ముగ్గురి వైపు తిరిగి, "వీళ్ల కొట్టంలో ఇంకా వాళ్ల తాత ఎడ్లబండి ఇరుసుండాదంట" అన్నాడు. అందరూ నవ్వారు. నిజంగానే ఉంది. నేనూ నవ్వాను గానీ, ఆ రోజు నా ముఖం వేడెక్కింది.

రానురాను అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి నెట్ సెంటర్‌కి మనుషులు రావడం తగ్గిపోయింది. అదే సమయంలో నెల్లూరులో ఆటల సెంటర్ నడిపే ఒకాయన పోటీ పెట్టాడు. పోటీ అయ్యాక ఆట నేర్పే తరగతులు మొదలుపెడతాననీ, నేర్పడానికి మనిషి కావాలనీ, ఆ పని ఆయనకిచ్చేదీ లేనిదీ మా టీము ఆట చూసి చెప్తాననీ కొండన్నతో అన్నాడు. వెళ్లేటప్పుడు బస్సులో కొండన్న నాకొక్కడికే చెప్పాడు. "ఇది దొరికితే నెల్లూరులోనే ఉండిపోతా. లేదంటే మళ్లా గొర్రెల కాడికే. ఆ పని చిన్నతనం అని కాదురా. నాకు ఇదే బాగొచ్చు."

ఫైనల్ దాకా వెళ్లాం. చివరి ఆట, హాలు నిండా జనం, మా వెనకాల పెద్ద తెర. ఎదుటివాళ్లలో ఒకడు ఎగిరొచ్చి నా మీదే పడుతున్నాడు. వాడు కొడితే కాసేపు కదలలేం, ఆలోపు మిగతావాళ్లు చంపేస్తారు. దానికి విరుగుడుగా ఒక కవచం ఉంది. బంగారం నా దగ్గర ఉంది. గడి లేదు. ఆరింటిలో ఒకటి ఆ ఉంగరం. గోలలో ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. కొండన్న వంగి, నా చెవి మీది హెడ్‌సెట్ పక్కకి జరిపి, "ఉంగరం అమ్మేయ్, కవచం తీసుకో," అన్నాడు. అంతే అన్నాడు.

నేను అమ్మలేదు. వెనక తెర మీద నా ప్రతి కదలికా కనిపిస్తోంది. మా ఊరివాళ్లు కొందరు చూడటానికొచ్చారు. పెద్ద దెబ్బ వేసే విల్లు చేతిలో ఉంది, ఈ ఒక్కసారికి సరిపోతుందనుకున్నాను. ఇరుసు సంగతి కూడా మనసులో మెదిలిందేమో, లేదని చెప్పలేను. వాడు ఎగిరొచ్చాడు. నేను పడిపోయాను. నేను మళ్లీ లేచేలోపే మా కోట పడింది.

సెంటర్ యజమాని మా దగ్గరకొచ్చాడు. కోపంగా కూడా లేడు, తెలుసుకుందామని అడిగాడంతే. "బంగారం ఉండాది గదా, కవచం ఎందుకు తీసుకోలేదు?"

"అన్న వద్దన్నాడు," అన్నాను.

కొండన్న హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెడుతున్నాడు. నా వైపు చూశాడు. యజమాని ఆట రికార్డు వెనక్కి తిప్పించాడు. నా బంగారం, నా ఆరు గళ్లు, ఉంగరం, అన్నీ తెర మీద కనిపించాయి. చెవిలో చెప్పిన మాట అందులో ఉండదు. "ఆడినోణ్ని అని ఏం లాభం, చెప్పినోడే తప్పు చెప్పినాడు," అని వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ తలలు దించుకున్నారు. కొండన్న, "పదండి, బస్సు పోతాది," అన్నాడు. ఆత్మకూరు దాకా డ్రైవరు వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు.

నేర్పే పని ఇంకెవరికో వెళ్లింది. కొన్నాళ్లకి కొండన్న సెంటర్ మూసేసి సీతారామపురం వెళ్లిపోయాడు. నేను ఆట మానేశాను. తర్వాత ఎక్కడ ఈ కథ వచ్చినా కొండన్న తప్పు చెప్పాడనే వచ్చేది. నేను అక్కడే ఉండి, కాదనేవాణ్ని కాదు.

సెలూన్ నుంచి వచ్చిన మూడో రోజు సీతారామపురం బస్సెక్కాను. కొండన్న జుట్టు నెరిసింది. గొర్రెలకి మందు తాగిస్తున్నాడు. ఒక్కొక్కదాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని దవడ తెరుస్తూనే నా మాటంతా విన్నాడు.

"ఆ రోజే ఎందుకు అనలేదన్నా, నేను అబద్ధం చెప్తున్నానని?"

"నువ్వే చెప్తావనుకున్నా. బస్సు దిగేలోపు చెప్తావనుకున్నా. తర్వాత పొద్దున సెంటర్‌కొచ్చి చెప్తావనుకున్నా." చేతిలోని గొర్రెను వదిలి ఇంకోదాన్ని పట్టుకున్నాడు. "ఇప్పుడు నాకు చెప్పి ఏం చేస్తావు? ఆ రోజు నేను ఆడనే ఉన్నా గదా. లేనోళ్లకి చెప్పుకో, పో."

మా టీములో మిగతా ముగ్గురికీ చెప్పాను. ఆత్మకూరులో నాకు తెలిసినవాళ్లకి చెప్పాను. చివరికి నెల్లూరు వెళ్లి ఆ సెంటర్ యజమానిని వెతికి పట్టుకున్నాను. ఇప్పుడు ఏసీలు అమ్ముతున్నాడు. నా ముఖం గుర్తులేదు. మాలకొండయ్య పేరు చెప్తే, "ఎవరండీ?" అన్నాడు. ఆ ఫైనల్ సంగతి ఎత్తగానే మాత్రం తలూపాడు. "ఆఁ, ఆత్మకూరోళ్లు గదా. బంగారం పెట్టుకుని కవచం కొనలేదు. మీ అన్నెవరో వద్దన్నాడని చెప్పినారు."

"వద్దనలేదు. ఉంగరం అమ్మి కొనమన్నాడు. నేనే కొనలేదు. అబద్ధం చెప్పాను."

"అట్లనా," అన్నాడాయన. లోపలికొచ్చిన గిరాకీ వైపు తిరిగాడు.

బయటికొచ్చి నిలబడ్డాను. ఆ మాట చెప్పడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. ఆ రోజు కూడా అంతే పట్టేది.