నా షార్ట్‌కట్లూ, వాళ్ళ ముహూర్తమూ

మొన్న ఫిల్మ్ నగర్‌లోని మా పాత ప్రొడక్షన్ ఆఫీసు వాళ్ళు పాతవాళ్ళందరినీ భోజనానికి పిలిస్తే వెళ్ళాను. అక్కడ మేనేజరు గారు కొత్త పిల్లలకు నన్ను చూపించి, ఒక సినిమా కథంతా ఈ అమ్మ షార్ట్‌కట్ల పుణ్యమా అని గంగలో కలిసిందని చెప్పి నవ్వించారు. ఆయన చెప్పిందే చరిత్రగా మిగిలిపోకూడదు, అందుకే ఇది రాసిపెడుతున్నాను. నాలాగే ఏ కాలేజీ గడపా తొక్కకుండా పని నేర్చుకున్న నా ఈడువాళ్ళకు నా కోపం అర్థమవుతుంది.

మావారు చనిపోయిన ఏడాదే ఆ ఆఫీసులో టైపు పనికి చేరాను. నాకు కంప్యూటరు నేర్పింది యూసుఫ్‌గూడలో మా ఇంటి దగ్గరి గ్రంథాలయం. అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, బొమ్మలతో సహా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. మా రచయిత గారు, వరస కాకపోయినా నేను బాబాయి గారనే పిలిచే పెద్దాయన, కలం పట్టేవారు కాదు; వరండాలో పచార్లు చేస్తూ చెబుతుంటే నేను కొట్టేదాన్ని. ఆయన సీన్లు ఎక్కడో లోపల, ఫోల్డరులో ఫోల్డరుగా ఉండేవి. అడగ్గానే తెరవాలని డెస్క్‌టాప్ మీద వాటికి షార్ట్‌కట్లు పేర్చాను: హాస్యానికి ఒక బొమ్మ, ఏడుపు సీన్లకు ఒకటి, ఫైట్లకు ఒకటి. ఒక్కోదాని మూలన ఉండే చిన్న బాణం గుర్తు నా కంటికి మచ్చలా అనిపించి, దాన్ని తీసేసే ఉపాయం కూడా ఒక పత్రికలో చదివి తీసేశాను. ఆ సోకు నా తప్పే, ఒప్పుకుంటాను. బాణం ఉండి ఉంటే, అవి అసలు ఫోల్డర్లు కావని, దారి చూపే గుర్తులేనని ఎవరికైనా తట్టేదేమో.

అంతలో కొత్త కంప్యూటరు వచ్చింది. మావాళ్ళకు క్లాప్ కొట్టడానికే కాదు, కంప్యూటరు మీట నొక్కడానికీ ముహూర్తం ఉండాల్సిందే. పూజ పొద్దున ఎనిమిదిన్నరకు. ముందురోజు ఈ మేనేజరు గారే నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మీరు రేపు జర పది దాటినంక రాండ్రమ్మా. ఏమనుకోకుండ్రి" అన్నారు. ఎందుకని బొట్టు లేని ఆడది అడగక్కర్లేదు. నేను వచ్చేదాకా పాతదాన్ని ముట్టుకోవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాను.

ముట్టుకున్నారు. డెస్క్‌టాప్ మీద కనిపించినదంతా పెన్‌డ్రైవులోకి లాగి, రెండేళ్ళ పని ఒక్క నిమిషంలో ఎక్కేసిందని మురిసిపోయి, ముహూర్తం దాటకుండా కొత్తదాంట్లో పెట్టి, పాతదాంట్లో ఉన్నదంతా మెకానిక్ చేత అక్కడికక్కడే తుడిపించేశారు. నేను వెళ్ళేసరికి ప్రసాదం పంచుతున్నారు. కొత్త తెర మీద నా బొమ్మల మూలల్లో బాణాలు మళ్ళీ మొలిచి ఉన్నాయి. ఏది నొక్కినా తెరుచుకోలేదు; వచ్చినవి గుర్తులే, అసలు సీన్లు పాతదాంట్లోనే తుడుచుకుపోయాయి.

"మీరే గదమ్మా గివన్నీ పెట్టింది? ఫోల్డర్లే అనుకున్నం" అన్నారు మేనేజరు గారు, అందరి ముందూ. ఆ రోజే నన్ను పొమ్మనేవారు. బాబాయి గారు పులిహోర ఆకు పక్కన పెట్టి, నెమ్మదిగానే అడిగారు: "ఈ అమ్మాయి ఎనిమిదికే వచ్చుంటే ఇది జరిగేదాండీ? రావద్దన్నదెవరు?"

ఆ ప్రశ్నతో నా ఉద్యోగం నిలిచింది. ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పారు, నేను మళ్ళీ కొట్టాను. కానీ పెద్ద వయసు, సగం సీన్లు ఆయనకు తిరిగి గుర్తు రాలేదు. ఆ సినిమా తీయనేలేదు.

ఇప్పుడు కొట్టినదానికి ఇంటర్నెట్‌లో ఇంకో కాపీ ఉంటుందని, ఫైళ్ళు పోగొడదామన్నా పోవని మొన్న ఆ పిల్లలు ముచ్చటగా చూపించారు. మా రోజుల్లో ఇదే ఉంటే ఆ కథ బతికేది కదా అనిపించి కళ్ళు చెమర్చాయి. గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉంచనిచ్చిన గ్రంథాలయం సరళమ్మ గారికీ, ఈ రాత చదివి ఒక్క మాటా తగ్గించవద్దన్న మా వదిన విజయకూ నమస్కారాలు. అందరికన్నా ముందు బాబాయి గారికి. ఆయన అడిగిన ప్రశ్న నేను అడగవలసింది. మొన్న భోజనాల దగ్గర కూడా అడగలేదు.