ఏనుగులు రాని బావి

నా చిన్నప్పుడు మా ఊరికి చుట్టాలు వస్తున్నారంటే నాకు దిగులు పట్టుకునేది. నూజివీడులో బస్సు మారి, చాట్రాయి రోడ్డు మీద దుమ్ము తింటూ అంత దూరం వచ్చినవాళ్లకి చూపించడానికి మా ఊళ్లో ఏముంది? ఎటు చూసినా మామిడితోటలే.

ఓ వేసవిలో నాన్నగారి స్నేహితుడి కుటుంబం బెజవాడ నుంచి వచ్చింది. వాళ్లమ్మాయిది నా ఈడే. తోట చూపించమని నన్ను తోడు పంపారు. ఆ పిల్ల అప్పటికే రెండుసార్లు ఆవులించింది. మా ఊరిని ఎక్కడ తీసిపారేస్తుందోనన్న భయంతో, బావి చూపించి, పూర్వం రాజుగారి ఏనుగులు రోజూ ఇక్కడే నీళ్లు తాగేవని కోతలు కోశాను. ఆ పిల్ల కళ్లు ఇంతయ్యాయి. కాయలు ఏరుతున్న మా తాతయ్య దగ్గరికి తిన్నగా వెళ్లి, "తాతగారూ, ఏనుగులు ఎటు నుంచి వచ్చేవండీ?" అని అడిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంట్లో తెలిస్తే అందరి ముందూ పరువు పోయినట్టే.

తాతయ్య నా వైపు ఒకసారి చూశాడు. "ఏనుగుల సంగతి మా మనవరాలికే తెలియాలమ్మా. నాకు తెలిసిందల్లా కావిడి," అన్నాడు.

పాకలోంచి కావిడి తెచ్చి, రెండు కుండల్లో సగం సగం నీళ్లు పోసి ఆ పిల్ల భుజానికెత్తాడు. నాలుగడుగులకే నీళ్లన్నీ గౌను మీద పడ్డాయి. తర్వాత నా వంతు. నేను ఆరడుగులు వేశాను, అది నాకింకా గర్వమే.

అప్పుడు చెప్పాడు తాతయ్య. ఇదంతా ఒకప్పుడు రాళ్లూ ముళ్లూ నిండిన మెట్ట. వాళ్ల నాన్న వాగు నుంచి కావిడితో నీళ్లు మోస్తే, వాళ్లమ్మ చెంబుతో మొక్క మొక్కకీ పోసి బతికించిందట. కావిడి మోసి మోసి వాళ్ల నాన్న భుజం కాయ కాచిన చోట చెయ్యేసుకుని తాతయ్య చిన్నప్పుడు నిద్రపోయేవాడట. బావి తవ్వింది ఆ తర్వాతే. ఆ లెక్కన రాజులెవరూ మా బావి మొహం చూసి ఉండరు.

ఆ పిల్ల తాతయ్యని వదల్లేదు. ఏ చెట్టు ముందు నాటారు, ఏవి ఎండిపోయాయి అని అడుగుతూనే ఉంది. ఏనుగుల మాట మళ్లీ ఎత్తలేదు, తాతయ్య కూడా ఎవరికీ చెప్పలేదు. బతికిపోయాననుకున్నాను గానీ, లోపల సిగ్గేసింది. ఆ చెట్ల కింద పుట్టి పెరిగిన నేను కూడా ఆ సంగతులన్నీ ఆ బెజవాడ పిల్లలాగే మొదటిసారి విన్నాను. ఏనాడూ తాతయ్యని అడగనే లేదు.

ఇప్పుడు కాయల రోజుల్లో నూజివీడులో చదివే యూనివర్సిటీ పిల్లలు ఆటోలు మాట్లాడుకుని మా తోటలకి వస్తున్నారు. ఇక్కడ చూడ్డానికి ఏముందండీ అంటే నాకు దిగులు లేదు. నీడన కూర్చోబెట్టి, రసాలు చేతిలో పెట్టి, కాయలు కోయడానికొచ్చిన పెద్దవాళ్లలో ఎవరినో ఒకరిని పిలిచి కబుర్లు చెప్పమంటాను. ఆ పిల్లల పక్కనే నేనూ చతికిలబడతాను. పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నా, నేను విననిది ప్రతిసారీ ఏదో ఒకటి ఉంటూనే ఉంది.