లింగవ్వ గంప, రాజేశ్ టారిన్ పొడి

మా నానమ్మ లింగవ్వకు కోపమొస్తే అరవదు, దాచుకుంటుంది. ఆ గుణం నాకూ వచ్చింది.

గజ్వేల్‌లో రాజేశ్ మందుల దుకాణం పక్కన ఆమె ఇరవై ఏళ్లు చేపలమ్మింది. గంప నెత్తికెత్తమంటే మా దగ్గర ఎవరూ కాదనరు, దారిన పోయే పరాయివాడైనా ఒక చెయ్యి వేస్తాడు. పోయినేడు నానమ్మ గంప ఎత్తమంటే రాజేశ్ మాత్రం ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని, "ముట్టుకుంటే వాసన పోతదా?" అన్నాడు. మరునాడే ఆ జాగాలో బండ్లు పెట్టించి గొలుసు కట్టాడు. నానమ్మ వెనక సందులోకి పోయింది, అమ్మకం సగానికి పడిపోయింది.

"నా జాగల మళ్ల కూసుంట. వాని చేతులతోనే గంప ఎత్తిపిస్త," అన్నది.

పరీక్షల ముందు రాజేశ్ ఫ్లెక్సీ కట్టాడు: 'మెదడుకు టారిన్ పొడి. మార్కులు గ్యారంటీ.' ఫార్మసీ చదువుతున్నదాన్ని, నాకు ఒళ్లు మండింది.

"టారిన్ అంటే ఏందే సాహితీ?"

"మెదడు కణాలు మరీ ఉరకలెయ్యకుండ నిమ్మళంగ ఉంచుతది నానమ్మా. కణంల నీళ్లు ఎక్కువ కాకుండ సూస్తది. మన ఒళ్లే కొంత తయారు చేస్కుంటది. మిగిలింది చేపల్ల, మాంసంల దొరుకుతది. పొడి తింటే మార్కులొస్తయని ఎవ్వరూ తేల్చలే."

"చేపల్లనా?" నానమ్మ మూడుసార్లు అడిగింది.

తెల్లారి దుకాణానికి ఎదురుగా, టైలర్ యోహాను అరుగు మీద గంప దిగింది. దాని ముందు నేను రాసిన అట్ట: 'రాజేశ్ అమ్మే టారిన్ ఈ చేపల్లో ఉంది. మార్కులకు గ్యారంటీ లేదు. పులుసుకు ఉంది.'

పిల్లల తల్లులు చదివి నవ్వుకున్నారు. నేరుగా దుకాణానికి పోయి, "మార్కులొస్తయని రాసిస్తవా?" అని నిలదీశారు. వాడు రాసివ్వలేదు. పొడి డబ్బాలు కదల్లేదు.

వారానికి రాజేశ్ రోడ్డు దాటి వచ్చాడు. "అవ్వా, నీ జాగలనే కూసో. గొలుసు తీపిచ్చిన. గా అట్ట ఒక్కటి తియ్యరాదు?"

"ముందుగాల గంప ఎత్తు."

బజారంతా చూస్తోంది. వాడు రెండు చేతులా ఎత్తి నానమ్మ నెత్తిన పెట్టాడు. చేపల నీళ్లు మోచేతుల మీదుగా కారి తెల్ల చొక్కా తడిసింది. నా కడుపుమంట చల్లారింది.

నానమ్మ రోడ్డు దాటి పాత జాగాలో నిలబడి, "దించు," అన్నది. వెనకే వచ్చిన రాజేశ్ దించాడు. నన్ను అట్ట తెమ్మని, గంపకు ఆనించింది.

"గిదేందవ్వా, అట్ట తీస్తవనుకున్న."

"తీస్తనని నేనన్ననా? గంప ఎత్తుమన్న, ఎత్తినవ్."

చేప తీసి పొలుసు గీకడం మొదలుపెట్టింది. పొలుసులు వాడి మెట్ల మీద పడుతున్నాయి.