పరలోక జపంలో తప్పిపోయిన మాట

రెంటచింతల అవతల ఒక ఊళ్లో మిషన్ బడి ఉండేది. అందులో మూడో తరగతి దయామణి టీచరమ్మది. ఆ బడికి ఒక పద్ధతి ఉంది. ఏ తరగతి పంతులు ఆ తరగతి చేత పొద్దున్నే పరలోక జపం, అదే పరలోకమందున్న మా తండ్రీ అని ఏసుప్రభువు నేర్పిన జపం, చెప్పించాలి. పంతులు ఒక ముక్క అంటే పిల్లలు ఆ ముక్క అనాలి. పుస్తకం లేదు, పలక మీద రాసేదీ లేదు. టీచరమ్మ నోట్లోంచి పిల్లల నోట్లోకి, అంతే. పద్నాలుగేళ్లుగా ఆమె అట్లా చెప్పిస్తూనే ఉంది.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో, బడికి ఇంకా సెలవులియ్యకముందే, ఆమె కూతురు, ఆరేళ్ల పిల్ల, మూడు రోజుల జ్వరంతో పోయింది. పెనిమిటి ఐజాక్ అప్పట్లో సాగర్ డ్యాము మీద రాళ్ల పనిలో ఉన్నాడు. కబురంది వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది. నాలుగు రోజులుండి మళ్లీ పనికి పోయాడు. జూన్‌లో బడి తెరిస్తే దయామణి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కంట తడి లేదు. గట్టి మనిషమ్మా అన్నారు ఊళ్లోవాళ్లు. ఆమెకు గట్టిగానూ లేదు, మెత్తగానూ లేదు. కూరలో ఉప్పు పడిందో లేదో తెలిసేది కాదు. బడిలో పిల్లలకు పాలపొడి కలిపి పాలు పోసే పాపమ్మ రోజూ మొదటి గ్లాసు ఆమె బల్ల మీద పెట్టేది. అది చల్లారిపోతే తీసుకెళ్లి, మళ్లీ కాచి తెచ్చేది.

మొదటి రోజే జపంలో దేవుని చిత్తం నెరవేరాలనే మాట దగ్గర దయామణి నోరు ఆగింది. కోపమేమీ లేదు. ఆగింది, అంతే. తర్వాతి ముక్క దగ్గర మళ్లీ తెరుచుకుంది. పిల్లలు విన్నంతవరకు అన్నారు. రేపు సరిజేద్దాంలే అనుకుంది. రేపూ అట్లాగే అయింది, ఎల్లుండీ అట్లాగే.

వారం పోయాక హెడ్మాస్టరు రాజారత్నం దగ్గరికి వెళ్లి, జపం మాత్రం ఇంకెవరి చేతనైనా చెప్పించండి అనడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. పిల్ల పోయిన వారమంతా తన తరగతితో పాటు ఆమె తరగతినీ చూసుకున్నవాడే.

"అమ్మా, ఇది సమితివాళ్లు నడిపే సర్కారు బడి కాదు గదా. లెక్కలు ఎవరైనా చెప్తారు. జపం చెప్పించలేని పంతులమ్మ మిషన్‌కెందుకని పైవాళ్లడిగితే నీ ఉద్యోగం ఏంగాను?" అన్నాడు.

ఆమె తిరిగొచ్చింది. మళ్లీ అడగలేదు.

మరుసటేడు ఈస్టరు ముందు, గుళ్లో మొదటిసారి సత్ప్రసాదపు అప్పం తీసుకోబోయే పిల్లల్ని పరీక్షించడానికి ఫాదర్ ఆరోగ్యస్వామిగారు సైకిలు మీద వచ్చారు. మూడో తరగతి మొత్తం లేచి, చేతులు జోడించి, పరలోక జపం ఏకబిగిన చెప్పింది. ఆ ఒక్క మాట లేదు. ఫాదర్‌గారు తన చెవే సరిగా వినలేదనుకుని మళ్లీ చెప్పించారు. మళ్లీ లేదు.

ముందు వరసలో ఉన్న గ్రేసమ్మను పిలిచారు. "ఏమే, నడుమ మాట మింగావేంది?"

"మింగలేదు ఫాదర్. అంతే ఉంది. మా టీచరమ్మ అంతే చెప్పింది."

రాజారత్నం, పిల్లలు హడావుడిలో వదిలేశారని ఏదో సర్దబోయాడు. దయామణి ఆపింది.

"పిల్లలది తప్పు కాదండీ. నేనే చెప్పలేదు. ఆ మాట నా నోటికి రాటంలేదు."

"మర్చిపోయావా అమ్మా?"

"లేదండీ. మర్చిపోతే బాగుండేది."

ఫాదర్‌గారు పిల్లల్ని పాలకు పంపించేశారు. ఇప్పుడిక్కడ ఒక్కసారి అను, చాలు అన్నారు. దయామణి నోరు తెరిచింది. ఆయన ఎదురుచూశారు. బయట గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. ఆమె నోరు మూసుకుంది.

అప్పుడాయన అన్నారు: "లెక్కలూ తెలుగూ నువ్వే చెప్పు. జపం రాజారత్నం చెప్పిస్తాడు. నువ్వు పిల్లల్లో నిలబడు. మాట రాకపోయినా నిలబడితే చాలు."

"రేపు మిగతా పంతుళ్లు కూడా మాకూ రాదంటే ఏం జేయాలండీ?" అన్నాడు రాజారత్నం.

"వాళ్లనీ పిల్లల్లో నిలబెడదాం. అందరూ అక్కడే ఉంటే చెప్పించేవాడివి నువ్వొక్కడివే మిగుల్తావు, జాగ్రత్త."

అట్లా ఉద్యోగం నిలబడింది. సంతోషించాలని ఆమెకు తెలుసు. ఇంటికెళ్లి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

మర్నాడు బడి ముందు ఆవరణలో రాజారత్నం మూడో తరగతి చేత జపం చెప్పించాడు. అలవాటు పోక పిల్లలు ఆ మాటను దాటేయబోతే ఆపి, దాన్ని మూడుసార్లు అనిపించాడు. వెనక వరసలో నిలబడిన దయామణి చెవుల మీదుగా అది మూడుసార్లు పోయింది. ఏమీ అనిపించలేదు. ఎండ అప్పుడే చుర్రుమంటూ ఆమె భుజం మీద పడుతోంది. ఆ పూట ముందు వరస వదిలి ఆమె పక్కన నిలబడ్డ గ్రేసమ్మ కళ్లు తెరవకుండానే అరడుగు జరిగి, చూరు నీడలో చోటిచ్చింది. దయామణి ఆ నీడలోకి జరిగి, చేతులు జోడించి నిలబడింది.