ఎర్రపొడి వచ్చేవరకూ

చీపురుపల్లిలో మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ పోయింది. పొద్దున్న పాలపాకెట్టు కోసం కిందికి దిగేసరికి, పక్కింటి ఇడ్లీల ఆవిడ పొయ్యి వెలిగించకుండా మా మెట్ల మీద కూర్చుని ఉంది. "మా వదిన ఎలిపోనాది" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. వాళ్లది పిలుపు వరసే, చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరికీ మధ్య ఒక సందు, అంతే.

ఈ నాలుగు ముక్కలూ కన్నీళ్లతో రాయాలి. రోతతో రాస్తున్నాను. ఆవిడ పోయిన మూడోనాటికి సందులో వేలాడదీసిన ఫ్లెక్సీలో ఆవిడ ఫొటో కింద "శాంతమూర్తి" అని వేశారు. ఆవిడతో ఒక్క పూట గడిపినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆవిడకి లోకంలో సగం పనులు చీదర. సరిగా పిండని బట్టలు చీదర, మూత పెట్టని బిందె చీదర, నసుగుతూ మాట్లాడే మనిషి చీదర. అన్నిటికంటే చీదర గోడకి డిష్ బిగించేవాళ్లు.

మేం పై పోర్షన్లో దిగిన కొత్తలో డిష్ పెట్టడానికి ఇద్దరు వచ్చారు. మెట్ల పైన, సందులోకి చూసే గోడకి డ్రిల్లుతో బెజ్జాలు కొట్టారు. ఒక బెజ్జం వెడల్పయిపోయి ప్లాస్టిక్ ప్లగ్గు అందులో గిరగిరా తిరిగింది. వాళ్లలో ఒకాయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్లలు విరిచి ఆ ఖాళీలో కుక్కి, మీద నుంచి స్క్రూ తిప్పేశాడు. టీవీలో బొమ్మ వచ్చింది. మా ఆయన మురిసిపోయి వాళ్లకి టీ పెట్టమన్నాడు.

ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. టీవీ వైపు చూడనే లేదు. డిష్ గొట్టం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గొట్టంతోపాటు గోడ పూత పెచ్చు ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది.

"సీ! సీ! ఇది బిగించడమేటి, అంటించడమేటి? కింద మనుసులు తిరుగుతారని తెల్దేటి మీకు?"

"ఈ పక్కకి గాలి పెద్దగా రాదులెండమ్మా."

"గాలి నీ సుట్టమా, నిన్నడిగి రాడానికి?"

టీ తాగకుండానే వెళ్లిపోయారు వాళ్లు. మా ఆయనకి ఆ రోజు మ్యాచ్ పోయింది. నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లింది. షాపాయన బొటనవేలంత లావు యాంకర్ బోల్టులు ముందు పెట్టి, బిగించేకొద్దీ లోపల విచ్చుకుని పట్టేస్తాయన్నాడు. "సిమెంటు స్లాబయితే అవే మంచివి. నాది పాత ఇటిక గోడ, మద్దిలో మట్టి. నీ బోల్టు ఇచ్చుకుంటే ఇటికే పగిలిపోతాది" అంది. మా వైపు పాత ఇళ్లు చాలామటుకు అంతే. ఇటుకల మధ్య అడుసు, పైన మాత్రం సిమెంటు పూత. పూత నున్నగా ఉందని గోడ గట్టిదనుకుంటాం. ఆవిడ తుప్పు పట్టని పొడుగాటి బోల్టులు ఏరించింది. గోడకి ఈ పక్క నుంచి ఆ పక్కకి దూరిపోయేవి. లోపలి వైపు బిగించడానికి అరచేతంత ఇనపరేకులు కోయించింది. బరువు ఒక్క ఇటుక మీద పడకుండా నాలుగైదు ఇటుకలు పంచుకోవాలని.

మేస్త్రీ బెజ్జం కొడుతున్నంతసేపూ పక్కనే నిలబడింది. "పొడి సూడు. ముందు బూడిదరంగు వస్తాది, అది పూత. తరవాత ఎర్రపొడి రావాల, అది ఇటిక. మట్టి వచ్చిందా, ఆపీసి పక్కకి జరుగు." రెండుచోట్ల మట్టి వచ్చింది. ఆ రెండూ పూడిపించి మళ్లీ కొట్టించింది. మేస్త్రీ లోపల్లోపల తిట్టుకున్నాడు, కొంచెం పైకి కూడా తిట్టాడు. ఆవిడ పట్టించుకోలేదు.

ఇంత ఎందుకో తర్వాత ఆవిడే చెప్పింది. మేం రాకముందు ఒక తుఫానులో, అదే గోడకున్న డిష్ ఊడి సందులో పడింది. అప్పుడు ఇడ్లీల ఆవిడ పొయ్యి లోపలికి లాక్కుంటోంది. అది కాలి మీద పడి ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. "సెక్క ముక్క దిగ్గొట్టి మేకులు కొట్టీమన్నాను. అదే సాల్లే అని నానే అన్నాను" అంది ఓనరమ్మ, పప్పులో రాళ్లు ఏరుతూ. ఏరడం ఆపలేదు, తల ఎత్తలేదు. ఆవిడ నోట "క్షమించు" అన్న మాట ఎవరూ విన్నట్టు లేదు. అయితే నేను చూసినన్నాళ్లూ ఇడ్లీల ఆవిడకి నీళ్లు మోసింది ఓనరమ్మే. మోస్తూ తిట్టేది, పిండి పల్చగా ఉందని, పచ్చడి ఉప్పగా ఉందని. ఇడ్లీల ఆవిడ ఊరుకునేదా? "వదిన ఇచ్చిన కాలు, అరగదు, కరగదు" అని వచ్చినవాళ్లకల్లా చూపించేది. వాళ్లిద్దరూ తిట్టుకోని పొద్దు మా సందులో పొద్దులా ఉండేది కాదు.

ఒకసారి నేను ఆ డిష్ గొట్టానికి బట్టల తాడు కట్టాను. తడి దుప్పటి ఆరేసి లోపలికి వెళ్లి వచ్చేలోగా తాడు కోసేసి ఉంది. "దానికి దాని బరువే. ఇంకేటీ తగిలించకు. బోల్టు రాదే అమ్మా, గోడే వస్తాది" అంది, మట్టిలో పడిన నా దుప్పటి వైపు చూడనైనా చూడకుండా.

ఇప్పుడు ఫ్లెక్సీ సంగతి. ఆవిడ కొడుకు విజయనగరం నుంచి వేయించుకొచ్చాడు. గది గోడంత ఉంది. ముఖం తెల్లగా చేసి, ఆవిడ ఎన్నడూ నవ్వని నవ్వు ఒకటి అతికించారు. చుట్టూ గులాబీలు, పావురాలు. అడుగున చుట్టాలందరి ఫొటోలు, ఆవిడ ఫొటో కంటే ఎక్కువ జాగాలో. ఆవిడ బతికుండగా గుమ్మం తొక్కని ముఖాలు కూడా చేతులు జోడించి ఉన్నాయి. ఆ ఫ్లెక్సీని దేనికి కట్టారు? డిష్ గొట్టానికి. "అమ్మ పెట్టించిన బోల్టులండీ, ఏనుగు లాగినా రావు" అని కొడుకు గర్వంగా చెప్పాడు. గాలి పోవడానికి చిల్లు కూడా పెట్టని అంత గుడ్డ ఎంత గాలిని పడుతుందో ఒక్కరికీ తట్టలేదు. నేను చెప్పాను. "పెద్దకార్యం అయ్యేదాకా ఉంటే చాలు కదండీ" అన్నారు. మళ్లీ ఆ "చాలు"!

అల్పపీడనం అని టీవీలో చెప్పిన రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బింది. ఉబ్బినప్పుడల్లా గోడ లోపలి వైపు, ఇనపరేకు చుట్టూ సన్నటి గీత కనిపించింది. ఆ గీతలోంచి మట్టి రాలుతోంది. కింద ఇడ్లీల ఆవిడ పళ్లాలు తోముతోంది. నేను కేకేశాను. ఆవిడ పైకి చూసి, గోడ పట్టుకుని లేచి, ఓనరమ్మ కొడుకుని బయటికి పిలిచింది.

"దించీరా దాన్ని."

"జనం ఏటనుకుంటారు అత్తా? కార్యం అవకముందే అమ్మ ఫొటో తీసీసినాడని..."

"ఒరే, మీ అమ్మ బతికుండగా నా కాలిరగ్గొట్టింది. సచ్చినాక పేనం తీసిందని పేరు తెస్తావేట్రా దానికి?"

అతను గబగబా మెట్లెక్కి తాళ్లు కోశాడు. గోడ నిలిచింది. ఫ్లెక్సీ మాత్రం కింద పడీ పడగానే గాలికి మళ్లీ లేచి, సందు చివరికి ఈడ్చుకుపోబోయింది. మేం దిగి వచ్చేలోపు ఇడ్లీల ఆవిడ దాన్ని అందుకుంది. ఆ కాలుతో వంగి పట్టుకోవడం ఆవిడ వల్ల కాదు, పోయినామె ఫొటో మీద కాలు వేయకూడదు. అందుకని ఫొటో లేని కొస మీద, సందు మధ్యలో, వంకర కాలు ముందుకు చాపుకుని కూర్చుండిపోయింది. గాలి ఆ గుడ్డని లాగుతూనే ఉంది. ఆవిడ లేవలేదు. చేత్తో దాన్ని నేలకి అదుముతూ, ఎవరికీ వినపడనంత చిన్నగా అంది:

"ఉండు వదినా. ఎక్కడికెల్తావు."