మైనస్ రెండేళ్ల అవ్వ

ఆ రోజుల్లో నాకు కంప్యూటర్ బాగా వచ్చని మా ఇంట్లో అందరికీ నమ్మకం. నాకైతే ఇంకా గట్టి నమ్మకం. డిగ్రీ అయిన ఏడాదే, పేదలకు ఉచితంగా కంటి ఆపరేషన్లు చేయించే ఒక చిన్న సంస్థలో, మా ఊరు ఎల్లారెడ్డిలోనే ఉద్యోగం దొరికింది. ఇక నా కాలు నేల మీద ఆనలేదు. లింగంపేట నుంచి వచ్చే ముసలివాళ్లను కూడా "పేరేంది? ఊరేంది? జల్ది చెప్పాలె" అని గద్దించేదాన్ని (ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది).

ఒకసారి నలభైమందిని కామారెడ్డి ఆసుపత్రికి పంపాలి. యాభై దాటినవాళ్లకే ఆపరేషన్ కనుక వయసులతో జాబితా కావాలి. పై గడిలో అప్పుడు నడుస్తున్న సంవత్సరం వేశాను. దాని కింద వరుసగా అందరి పుట్టిన సంవత్సరాలు. పై గడిలోంచి కింది గడి తీసేయమని ఫార్ములా రాస్తే మొదటి తాతకు డెబ్బై ఒకటి వచ్చింది. భేష్ అనుకుని, గడి మూల పట్టుకుని నలభయ్యో పేరు దాకా ఒక్క గుంజు గుంజి, చూడకుండానే ప్రింటు తీశాను. ఫార్ములా కూడా ఒక్కో మెట్టు దిగుతూ, ప్రతి మనిషినీ పైనున్న మనిషిలోంచి తీసేస్తుందని నాకేం తెలుసు?

మర్నాడు పొద్దున బస్సు దగ్గర ఆసుపత్రి సారు పేర్లు చదివాడు. తాత ఎక్కాడు. తర్వాత బీడీలు చుట్టి బతికే ఒక అవ్వ పేరు.

"మైనస్ రెండేండ్లు," అన్నాడు సారు. "ఈమె ఇంక రెండేండ్లకు పుడ్తదట. తర్వాతామెకు మూడేండ్లు. ఆ వెనకాయనకు సున్న. ఏందమ్మా, ఇది అంగన్‌వాడీ బస్సా? కాగితం మీద యాభై లేకుంటే నేను ఎక్కించుకోను."

(నెరిసిన తలలు నలభై ఎదురుగానే ఉన్నాయి. కానీ కాగితం కాగితమే.) కరెంటు లేదు, వయసు చూపే కార్డులేమో ఇళ్లలో ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నేను పుట్టకుంటే ఆరుగురు పిల్లల్ని ఎవరు కన్నరు బిడ్డా?" అంది అవ్వ. "ఆకు కత్తిరిస్తే ఏలు తెగుతున్నది. ఈపారి పోకుంటే నా పని బందే." నాకు ఏడుపొచ్చింది. కాగితం మళ్లీ చూస్తే అప్పుడర్థమైంది; తప్పు నాదేనని, ప్రతి మనిషినీ పైనున్న మనిషిలోంచి తీసేశానని అందరి ముందూ చెప్పేశాను.

అవ్వ ముఖం విప్పారింది. "గిదా! మా వాడకట్టుల వయసు గట్లనే చెప్పుకుంటం గద. నా ముందు బస్సెక్కిన గీ పెద్దన్న కంటె నేను రెండేండ్లు చిన్న. నాకంటె నా వెనకున్న పాలమ్మే అవ్వ మూడేండ్లు పెద్ద. గొర్లు కాసే ఆయన, ఆమె ఒక్క ఏడాదే పుట్టిన్రు. పెద్దన్నకు డెబ్బై ఒకటైతే నాకు అరవై తొమ్మిది, ఆమెకు డెబ్బై రెండు, గొర్లాయనకు గంతే. మైనస్ అంటే చిన్నోడని, గంతే గద సారూ!"

నేను అంకె చదవడం, అవ్వ కూడడమో తీయడమో చేయడం, సారు పెన్నుతో రాసుకోవడం. అట్లా నలభయ్యో మనిషి దాకా వచ్చాం. కార్డు జేబులో పెట్టుకొచ్చినవాడు ఆయనొక్కడే. అవ్వ అరవై మూడంది. కార్డూ అదే అంది. సారు పెన్ను జేబులో పెట్టుకుని బస్సు తలుపు బార్లా తీశాడు.

ఆపరేషనై కంటి కట్టు విప్పాక అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "కంప్యూటరమ్మవు నువ్వేనా? గింత చిన్నపొల్లవా! నీ గొంతు ఇని ముప్పై అయిదేండ్ల మనిషివనుకున్న" అని పకపకా నవ్వింది.

మొన్ననే నాకు ముప్పై అయిదు నిండాయి. చూపు లేనప్పుడు అవ్వ కట్టిన వయసు ఇన్నాళ్లకు సరిపోయింది. తీరా చూస్తే, అప్పటి ఆ గద్దించే గొంతే ఎటో పోయింది.